సీటు వచ్చాక మొదలయ్యే చదువు

(ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో, పిల్లలకు ప్రతిభా పురస్కారాలు అందించిన సందర్భంగా చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఈ సభకు పరాయిదాన్ని కాను. మావారు ఈ బ్యాంకులోనే ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఆయనకు బదిలీ అయినప్పుడల్లా సామాను సర్దుకుని వెంట వెళ్ళడం, వెళ్ళిన ఊళ్ళో నర్సింగ్ కాలేజీ ఎక్కడుందో వెతుక్కోవడం నాకు అలవాటైపోయింది. ఆ విధంగా నాలుగు రాష్ట్రాల్లో నర్సింగ్ విద్యార్థులకు పాఠం చెప్పాను. వార్డులో మా పిల్లలు ఒక మంచం దగ్గర నేర్చుకుంటుంటే, పక్క మంచం దగ్గర ఎంబీబీఎస్ పిల్లలు నేర్చుకుంటూ ఉండేవారు. ఇద్దరినీ చూస్తూ నా సర్వీసు గడిచింది.

సభ మొదలవ్వకముందు టీ తాగుతుంటే నలుగురైదుగురు తల్లులు నా దగ్గరికి వచ్చారు. అందరిదీ ఒకటే ప్రశ్న. "మేడమ్, నీట్‌లో ఎంత వస్తే సీటు గ్యారంటీ?" ఆ ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళు ఇప్పుడు ప్రతి వీధిలోనూ ఉన్నారు. నేను చెప్పగలిగింది దాని తరువాతి సంగతి. సీటు వచ్చాక ఆ పిల్ల ఏం నేర్చుకోవాలి? ఆ చదువు అయ్యాక, రేపు మన మంచం పక్కన నిలబడే మనిషి ఎలా ఉండాలి? ఈ సభలో చాలామంది పిల్లలు డాక్టర్లు, నర్సులు, ఫిజియోథెరపిస్టులు, ల్యాబ్ టెక్నీషియన్లు కావచ్చు. మిగిలిన మనమందరం ఏదో ఒక రోజు వాళ్ళ చేతుల్లో పేషెంట్లం అవుతాం. కాబట్టి ఈ విషయం అందరిదీ.

మన ఇళ్ళల్లో ఒక మాట వింటుంటాం. "ఆ డాక్టరు చేయి మంచిదే కానీ నోరు మంచిది కాదు." లేకపోతే, "ఆ సిస్టరమ్మ మాట వెన్నే, కానీ ఇంజక్షన్ చేస్తే చేయి వాచిపోతుంది." పనితనం ఒకటి, దయ ఇంకొకటి అని మనం అనుకుంటాం. పనితనం చదువుతో వస్తుందనీ, దయ పుట్టుకతో వస్తుందనీ అనుకుంటాం. ఇన్నేళ్ళు పాఠం చెప్పాక నాకు అర్థమైంది వేరు. దయ కూడా నేర్పితే వచ్చే పనే. పనితనం లేని దయ పేషెంటుకు పనికిరాదు. దయ లేని పనితనానికి సగం విషయాలు కనిపించవు.

ముందు చేతి పని సంగతి చెబుతాను. మీ కుటుంబాలకు ఇది తేలికగా అర్థమవుతుంది. బ్యాంకులో ఒకరు ఎంటర్ చేసింది ఇంకొకరు చూసి పాస్ చేస్తారు. స్ట్రాంగ్ రూమ్ తాళాలు ఇద్దరి దగ్గర ఉంటాయి. అది ఎవరినో దొంగగా చూడటం కాదు, మనిషి కన్ను పొరబడుతుందని ముందే ఒప్పుకోవడం. ఆస్పత్రిలోనూ అంతే. మందు ఇచ్చే ముందు అయిదు సరిచూసుకోవాలని నర్సింగ్ మొదటి ఏడాదిలోనే నేర్పుతాం. సరైన మనిషా, సరైన మందా, సరైన మోతాదా, సరైన దారా, సరైన సమయమా. దారి అంటే నోటి ద్వారానా, కండకా, నరానికా అని. ఇన్సులిన్ లాంటి ప్రమాదకరమైన మందులను ఇద్దరు చూసి ఇవ్వడం మంచి ఆస్పత్రుల పద్ధతి. పేషెంటును "మీరు రామారావుగారేనా?" అని అడగకూడదు, "మీ పేరు చెప్పండి" అని అడగాలి. మగత మీద ఉన్న మనిషి ఏ పేరుకైనా "ఊఁ" అంటాడు కదా.

ఇవన్నీ ముందు బొమ్మల మీద చేయిస్తాం. నరం దొరికించుకోవడం, మూత్రపు గొట్టం వేయడం, ఆగిన గుండెను ఛాతీ నొక్కి నడిపించడం, ఒక్కొక్కటీ చేయి తిరిగేదాకా చేయిస్తాం. పిల్లలు విసుక్కుంటారు. "ఎన్నిసార్లు మేడమ్?" అంటారు. నేను వాళ్ళకు చెప్పేది ఒకటే. జ్వరంతో ఉన్న రెండేళ్ళ బిడ్డకు సూది ఒక్కసారితో పడితే ఆ బిడ్డ ఒక్కసారే ఏడుస్తుంది. నాలుగుసార్లు గుచ్చి, తరువాత ఎంత ముద్దు చేసినా ఆ నాలుగు పోట్లు వెనక్కి రావు. ఆ బిడ్డ మీద దయ ఉన్నవాళ్ళు చూపించాల్సిన చోటు ఈ ప్రాక్టీసు బల్ల దగ్గరే.

ఇక రెండో వైపు చూద్దాం. ఒక ఊళ్ళో మా విద్యార్థులు డ్యూటీ చేసే ఆస్పత్రిలో జరిగింది ఇది. డెబ్బై ఏళ్ళు దాటిన పెద్దాయన, షుగర్ బాగా పడిపోయి స్పృహ తప్పి వచ్చారు. రెండు నెలల్లో అది మూడోసారి. గ్లూకోజు ఎక్కించగానే లేచి కూర్చున్నారు. "తిండి మానేసి ఇన్సులిన్ వేసుకుంటాడు, ఎంత చెప్పినా వినడు" అని వార్డులో ఆయనకు పేరు పడిపోయింది. వచ్చిన ప్రతివాళ్ళూ భోజనం గురించి ఒక ఉపన్యాసం ఇచ్చి వెళ్ళేవారు. ఆయన తల వంచుకుని వినేవారు.

రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి ఒకతె ఆయన పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఉపన్యాసం ఇవ్వలేదు. "తాతగారూ, ఇంట్లో ఇంజక్షన్ ఎలా వేసుకుంటారో నాకొకసారి చూపిస్తారా?" అని అడిగింది. ఆయన సంచిలోంచి సీసా, సిరంజి తీశారు. సీసా కొత్తది, పట్నంలో కొడుకు కొని పంపినది. దాని మీద 100 అని ఉంది. సిరంజి పాతది, ఎర్ర మూతది, 40 అని ఉన్నది. ఆయన జాగ్రత్తగా, డాక్టరు చెప్పినట్టే, 16 గీత దాకా మందు లాగి చూపించారు.

మీ ఇళ్ళల్లో షుగర్ ఉన్నవాళ్ళుంటే ఇది గుర్తుపెట్టుకోండి. మన దేశంలో ఇన్సులిన్ సీసాలు రెండు బలాల్లో దొరుకుతాయి, మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉన్నవి, 100 యూనిట్లు ఉన్నవి. దేని సిరంజి దానిదే. 40 దానికి ఎర్ర మూత, 100 దానికి నారింజ రంగు మూత ఉంటుంది. 100 సీసాలోని మందును 40 సిరంజితో తీస్తే రెండున్నర రెట్లు ఒంట్లోకి పోతుంది. ఆ పెద్దాయన 16 యూనిట్లనుకుని 40 యూనిట్లు వేసుకుంటున్నారు. ఆయన తిండి మానలేదు. చెప్పిన మాట వినకపోవడమూ లేదు. చెప్పింది చెప్పినట్టే చేస్తున్నారు.

ఇందులో ఆ అమ్మాయి చూపించింది పనితనమా, దయా? స్టూలు వేసుకుని కూర్చోకపోతే ఆ సిరంజి సంచిలోంచి బయటికి వచ్చేది కాదు. సిరంజి గీతల చదువు రాకపోతే, బయటికి వచ్చినా ఆమెకు అర్థమయ్యేది కాదు. ఆమె అంత చక్కగా అడగడానికి వెనక కూడా ఒక పాఠం ఉంది. పేషెంటుకు "తెలిసిందా?" అని అడగొద్దు, చేసి చూపించమని అడగండి అని మా నర్సింగ్ చదువులో నేర్పుతాం. "తెలిసిందా" అంటే మన పెద్దవాళ్ళు మర్యాద కోసం "తెలిసిందమ్మా" అంటారు. మర్యాదకు పోయి ప్రాణం మీదికి తెచ్చుకుంటారు.

వినడం గురించి పెద్ద పరిశోధనలే జరిగాయి. 1984లో అమెరికాలో డాక్టర్ల గదుల్లో సంభాషణలు రికార్డు చేసి చూస్తే, పేషెంటు చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే డాక్టరు మధ్యలో అడ్డు తగులుతున్నట్టు తేలింది. 2011లో ఫిలడెల్ఫియాలో 891 మంది షుగర్ పేషెంట్ల మీద ఇంకో అధ్యయనం వచ్చింది. పేషెంటు బాధను అర్థం చేసుకునే గుణం ఎక్కువ ఉన్న డాక్టర్ల దగ్గర 56 శాతం మందికి షుగర్ మంచి అదుపులో ఉంటే, ఆ గుణం తక్కువ ఉన్న డాక్టర్ల దగ్గర 40 శాతం మందికే ఉంది. డాక్టరు మంచితనం రక్తపరీక్షలో కనిపించిందన్నమాట.

మరి దీన్ని తరగతి గదిలో ఎలా నేర్పుతారు? మార్కులిచ్చి నేర్పుతారు. నవ్వకండి, మార్కులు లేనిదే మన పిల్లలు ఏదీ చదవరని మీకు తెలుసు. 1975లో స్కాట్లాండులోని డండీలో రొనాల్డ్ హార్డెన్ అనే ప్రొఫెసరు కొత్త తరహా పరీక్ష ఒకటి ప్రవేశపెట్టారు. విద్యార్థి ఒక్కో బల్ల దగ్గర కొన్ని నిమిషాలు ఒక్కో పని చేసి చూపించాలి. పరీక్షకుడి చేతిలో ఒక జాబితా ఉంటుంది. చేతులు కడుక్కుందా? తన పేరు చెప్పిందా? తెర వేసిందా? ముట్టుకునే ముందు అనుమతి అడిగిందా? ప్రతిదానికీ మార్కు ఉంటుంది. ఇప్పుడు మన దేశంలోనూ వైద్య, నర్సింగ్ కాలేజీల్లో ఈ పరీక్ష ఉంది. మొదట్లో పిల్లలు మార్కు కోసం తెర వేస్తారు. వంద సార్లు వేశాక, తెర వేయకుండా పేషెంటు దుప్పటి తీయడానికి వాళ్ళ చేయే రాదు. అలవాటుగా మొదలైనది గుణంగా మారడం నేను కళ్ళారా చూశాను.

మన దేశంలో 2019లో ఎంబీబీఎస్ పాఠ్యప్రణాళిక మారింది. అంతకుముందున్నది 1997 నాటిది. కొత్తదానిలో వైద్యుడి ప్రవర్తన, నీతి, పేషెంటుతో మాట్లాడే తీరు ప్రత్యేక పాఠాలుగా చేరాయి. 2021-22 బ్యాచ్ నుంచి, మెడికల్ విద్యార్థులు కొన్ని కుటుంబాలను దత్తత తీసుకుని, చదువుతున్న కాలంలో వాళ్ళ ఆరోగ్యం చూస్తూ ఉండాలన్న పద్ధతి కూడా వచ్చింది. మహారాష్ట్రలోని సేవాగ్రామ్ మెడికల్ కాలేజీ ఈ పని ఎప్పటినుంచో చేస్తోంది. గాంధీజీ శతజయంతి సంవత్సరం 1969లో డాక్టర్ సుశీలా నయ్యర్ స్థాపించిన కాలేజీ అది. అక్కడ చేరిన పిల్లలు ముందు ఆశ్రమంలో ఉండి, తరువాత ఒక పల్లెకు వెళ్ళి, ఇల్లిల్లూ తిరిగి జనాన్ని తెలుసుకుంటారు. బొమ్మల్లో చూసిన రోగం వేరు, మట్టి పొయ్యి ముందు దగ్గుతూ వంట చేసే అమ్మ రోగం వేరు అని వాళ్ళకు మొదట్లోనే తెలుస్తుంది.

పక్కనే ఉన్న వేలూరు ఆస్పత్రి పేరు ఇక్కడ తెలియనివారుండరు. మన రాయలసీమ నుంచి, నెల్లూరు నుంచి రైలెక్కి వెళ్ళినవాళ్ళు ప్రతి కుటుంబంలోనూ ఉంటారు. దాన్ని స్థాపించిన అయిడా స్కడర్ మిషనరీ డాక్టర్ల ఇంట పుట్టినా, డాక్టరు కావాలని అనుకోలేదట. 1890ల తొలినాళ్ళలో తిండివనంలో తండ్రి దగ్గర ఉన్నప్పుడు, ఒకే రాత్రి ముగ్గురు వేర్వేరుగా వచ్చి తమ భార్యలు ప్రసవం కాక అల్లాడుతున్నారని, ఆమెను రమ్మని అడిగారు. తాను డాక్టరును కానని, తన తండ్రి వస్తారని ఆమె చెబితే, పరాయి మగవాణ్ణి రానివ్వలేమని వెళ్ళిపోయారు. తెల్లవారేసరికి ముగ్గురు తల్లులూ చనిపోయారు. ఆ యువతి గుండె నిండా దయే ఉంది. కానీ ఆ రాత్రి దానివల్ల ఎవరూ బతకలేదు. ఆమె అమెరికా వెళ్ళి చదువుకుని, 1899లో డాక్టరయి, 1900లో తిరిగి వచ్చి వేలూరులో ఒక్క మంచంతో వైద్యం మొదలుపెట్టింది. 1909లో నర్సింగ్ స్కూలు, 1918లో ఆడపిల్లలకు మెడికల్ స్కూలు పెట్టింది. దయ ఉంటే ఏం చేయాలో ఆమె చేసి చూపించింది. ముందు పని నేర్చుకుంది, తరువాత నలుగురికీ నేర్పింది.

ఇప్పుడు కొంచెం కష్టమైన సంగతి చెప్పాలి. చదువులో చేరేటప్పుడు చాలామంది పిల్లలకు దయ ఉంటుంది. దాన్ని మధ్యలో పోగొట్టుకుంటారు. 2009లో అమెరికాలో ఒక మెడికల్ కాలేజీ విద్యార్థులను ఏటేటా పరీక్షించి చూస్తే, మూడో సంవత్సరంలో ఎదుటివారి బాధను అర్థం చేసుకునే గుణం బాగా తగ్గుతోందని తేలింది. విచిత్రం ఏమిటంటే, అక్కడ మూడో ఏడాది అంటే పేషెంట్ల మధ్య గడిపే ఏడాది. నాకైతే అది వింతగా అనిపించలేదు. పాఠంలో "పేషెంటును పేరుతో పిలవాలి" అని నేను చెబుతాను. వార్డుకు వెళితే పెద్దవాళ్ళు "పద్నాలుగో నంబరు మంచం" అంటారు. పిల్లలు నా పాఠం మర్చిపోతారు, పెద్దవాళ్ళ మాటే నేర్చుకుంటారు. దానికి తోడు నిద్ర ఉండదు, వేళకు తిండి ఉండదు. రాత్రంతా ఒక్కతే నర్సు వార్డంతా చూసుకోవాల్సిన చోట్లు ఇంకా ఉన్నాయి. అందరి ముందూ తిట్టించుకున్న జూనియర్ ఆ కోపాన్ని ఎవరి మీద చూపిస్తాడు? తనకంటే కింద ఉన్నవాడి మీద. ఆస్పత్రిలో అందరికంటే కింద ఉండేది పేషెంటే.

అందుకని, దయగల డాక్టర్లూ నర్సులూ కావాలంటే చదువుకునేటప్పుడు వాళ్ళ మీద ఎవరైనా దయ చూపించాలి. అది కాలేజీ చేయాల్సిన పని. కానీ ఇంటి వంతు కూడా కొంత ఉంది. ఆ కొంత గురించి చెప్పి ముగిస్తాను.

మొదటిది. మీ అమ్మాయో అబ్బాయో హాస్టల్ నుంచి ఫోన్ చేస్తే, మార్కుల గురించి అడిగే ముందు "ఈ రోజు ఏం తిన్నావు, ఎంతసేపు పడుకున్నావు?" అని అడగండి. మొదటిసారి చావును దగ్గరగా చూసిన రోజు పిల్లలు ఇంటికి ఫోన్ చేస్తారు. "అవన్నీ పట్టించుకోకు, చదువుకో" అనకండి. ఏం జరిగిందో చెప్పనివ్వండి, కాసేపు వినండి. ఆ రోజు మీరు విన్నట్టే రేపు వాళ్ళు పేషెంట్ల మాట వింటారు.

రెండోది. ఇంట్లో తాతగారో అమ్మమ్మగారో మంచాన పడితే, "నీకు పరీక్షలున్నాయి, నువ్వు ఆ గదిలోకి రాకు" అని పిల్లల్ని దూరం పెట్టకండి. మంచాన ఉన్నవాళ్ళను రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే వీపు పుండ్లు పడుతుందని మేం పుస్తకంలో చెబుతాం. తాతగారి వీపు తుడిచిన పిల్లకు అది పుస్తకం తెరవక ముందే తెలుసు.

మూడోది. "డాక్టరు సీటు రాకపోతే నర్సింగ్‌కి పంపిద్దాంలే" అనే మాట దయచేసి పిల్లల ముందు అనకండి. డాక్టరు మంచం దగ్గర ఉండేది నిమిషాలు, నర్సు ఉండేది గంటలు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ళ చదువు, దానికి దాని శాస్త్రం ఉంది. ఓడిపోయి వచ్చాననుకునే పిల్ల చేతిలో ఏ పేషెంటుకూ సుఖం ఉండదు. అలాగే ఇష్టంలేని పిల్లను విద్యారుణం తీసి మరీ ఎంబీబీఎస్‌లో కూర్చోబెట్టకండి. వాయిదాల లెక్క మీకు నాకంటే బాగా తెలుసు. అప్పు తీర్చడానికి వైద్యం చేసే మనిషికి ప్రతి పేషెంటూ ఒక వాయిదాలాగే కనిపించే ప్రమాదం ఉంది.

నాలుగోది మనం పేషెంట్లుగా చేయాల్సింది. బోధనాసుపత్రిలో ఒక విద్యార్థి భయంభయంగా వచ్చి "నాడి చూడొచ్చా అమ్మా?" అని అడిగితే, ఒంట్లో ఓపిక ఉంటే చేయి ఇవ్వండి. వీలుకాకపోతే వద్దని చెప్పే హక్కు మీకు ఉంది. కానీ మన తరువాతి తరం వైద్యులకు మొదటి గురువులు పేషెంట్లే. చనిపోయాక శరీరం ఇచ్చి చదువు చెప్పేవాళ్ళు కూడా ఉన్నారు. అనాటమీ తరగతి మొదలుపెట్టే రోజున ఆ దేహానికి గౌరవం చూపుతామని మన కాలేజీల్లో పిల్లలు ప్రతిజ్ఞ చేస్తారు. ప్రాణం లేని మనిషికి ఇచ్చే గౌరవంతో మొదలైన చదువు, ప్రాణం ఉన్న మనిషి దగ్గర దాన్ని నిలుపుకోవాలి.

ఈ రోజు బహుమతులు తీసుకున్న పిల్లలూ, మీలో ఎవరైనా ఈ వృత్తిలోకి వస్తే మీకు నా రెండు మాటలు. పని రాకుండా పేషెంటు మీద చేయి వేయకండి. చేయి వేసే ముందు ఆయన పేరు అడిగి, మీ పేరు చెప్పండి. మొదటిదానికి ఏళ్ళు పడుతుంది, రెండోదానికి అర నిమిషం పడుతుంది. రెండూ చదువే. రెంటికీ మీకు మంచి గురువులు దొరకాలని కోరుకుంటున్నాను.

 భోజనాలు ఆలస్యమైతే తప్పు నాదే, పిల్లలకు ముందు వడ్డించండి.